నీలం అక్షరాలు, పచ్చ తలకట్లు

చీరకి జాకెట్టు ముక్క కొనడానికి వెళ్ళిన ఆడవాళ్ళందరూ ఒకే పని చేస్తారు. కౌంటర్ మీద ముక్కని కొంగు పక్కన పరిచి చూస్తారు. సరిపోయిందనిపించినా నమ్మరు. రెండింటినీ చేత్తో పట్టుకుని షాపు గుమ్మం దాకా నడిచి, ఎండలో ఇంకోసారి చూసుకుని, అప్పుడు కత్తెర వేయమంటారు. నరసాపురంలో మేం వెళ్ళే మ్యాచింగ్ సెంటర్‌లో కౌంటర్ నుంచి గుమ్మం దాకా గచ్చు అరిగిపోయి ఉంటుంది.

మా అత్తగారు ఆ గుమ్మం దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. కూర్చున్న స్టూలు మీంచి లేవకుండా, అరలో ఉన్న బొత్తిలోకి వేలు చూపించి, "పైనుంచి నాలుగోదండి" అనేవారు. అది తీసి కొంగు మీద పెడితే అతికినట్టు సరిపోయేది. షాపు యజమాని పక్కవాళ్ళకి చెప్పేవాడు, "టీచరుగారికి ఎండ అక్కర్లేదండి" అని. ఆవిడ ఆ మాట విననట్టు నటించేవారు. ఇంటికొచ్చాక మాత్రం మాకు చెప్పేవారు.

ముప్పై ఏళ్ళు మిషన్ స్కూల్లో తెలుగూ డ్రాయింగూ చెప్పి రిటైరయ్యారు ఆవిడ. మా చర్చిలో బాప్తిస్మం తీసుకునే ప్రతి బిడ్డకీ స్త్రీల సమాజం తరఫున చేత్తో రాసిన కార్డు ఇస్తారు. మధ్యలో బిడ్డ పేరు, కింద ఒక వాక్యం, చుట్టూ ద్రాక్షతీగ. ఇరవై ఏళ్ళుగా ఆ కార్డులు రాసేది మా అత్తగారే. కూలికెళ్ళే వాళ్ళ ఇళ్ళలో కూడా ఆ కార్డు ఫ్రేము కట్టి గోడకి తగిలించి ఉంటుంది. దారిలో ఎవరైనా ఆపి, "వందనాలు టీచరుగారూ, మావాడి కార్డు ఇంకా రంగు పోలేదండి" అంటే ఆ రోజంతా ఆవిడ ముఖం వేరేగా ఉండేది. ఆవిడకి ఆ పని ఒక పదవి. చర్చిలో ముందు బల్ల మీద కూర్చునేది కూడా దాని వల్లే.

నాకు పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఆ పదవి మీద కన్ను ఉంది. ఒప్పుకుంటాను. నాకూ బొమ్మలు వచ్చు, అక్షరాలు కుదురుగా ఉంటాయి. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను కానీ ఉద్యోగం చేయలేదు. పాప పుట్టాక ఇల్లు కదలడమే మానేశాను. పాప ఊపిరి తీస్తోందా లేదా అని గంటకి మూడుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అలాంటి రోజుల్లో చేతులకి ఏదో ఒక పని కావాలనిపించేది.

ఆవిడ కార్డులకి వాడే ఇంకు ఒక్కటే రంగు. ఆవిడ దాన్ని నెమలికంఠం అనేవారు. రాజమండ్రిలో ఒకే ఒక షాపులో దొరికేది. ఆ కంపెనీ ఇంకు ఇక రాదని షాపువాళ్ళు చెప్పేసరికి నేను ఫోన్లో వెతికి ఆరు చిన్న సీసాల సెట్టు తెప్పించాను. టర్కోయిస్, టీల్, సీ గ్రీన్, అలా ఏవో పేర్లు. సీసాలో చూస్తే అన్నీ ఒకటే నలుపు.

"ఆరెందుకమ్మాయ్? ఒకటి నచ్చితే ఒకటి తెప్పించాలి. అంగడి పెడతావా?" అన్నారు.

పాప పడుకున్న మధ్యాహ్నాలు ఆ ఆరు సీసాలతో గడిచాయి. తెల్ల కార్డు మీద ఆరు గీతలు గీసి, కింద పేర్లు రాసి, ఆరనిచ్చి చూసేదాన్ని. తడిగా ఉన్నప్పుడు టర్కోయిస్, టీల్ కవలపిల్లల్లా ఉంటాయి. ఆరాక ఒకటి నీలంగానే నిలబడుతుంది, రెండోది నెమ్మదిగా పచ్చలోకి జారిపోతుంది. ఎందుకో తెలుసుకుందామని సుద్దముక్క అడుగున చుక్క పెట్టి నీళ్ళలో నిలబెట్టాను. టర్కోయిస్ చుక్క పైదాకా నీలంగానే పాకింది. టీల్ చుక్క విడిపోయి కింద నీలం, పైన పసుపు చారలు తేలాయి. ఆ పసుపే దాని గుట్టు. మీగడ రంగు కార్డు మీద వేస్తే ఆ కార్డులోని పసుపు కూడా తోడై ఇంకా పచ్చబడుతుంది. ట్యూబ్‌లైటు కింద అంతగా బయటపడదు. ఎండలో పెడితే చిన్నపిల్లలు కూడా ఇది వేరు, అది వేరు అని చెప్పగలరు.

ఈ సంగతులన్నీ నాకు చాలా గొప్పగా అనిపించాయి. ఎవరికైనా చెప్పాలనిపించింది. మా ఆయన ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి అన్నం తిని ఫోను పట్టుకుంటారు. అత్తగారికే చెప్పాను, సుద్దముక్కలు చూపించి.

ఆవిడ వాటిని చూడలేదు. "బీఎస్సీలో ఇదా చెప్పింది? మా ఆరో తరగతి పిల్లలు చేసేవాళ్ళు" అన్నారు.

ఆ నెల స్త్రీల సమాజం కూడిక మా ఇంట్లోనే జరిగింది. నేను సముద్రం మీద ఒక పడవ వేసి కార్డు ఒకటి చేశాను, పాస్టరుగారి భార్యకి ఇద్దామని. మేమందరం అమ్మగారు అని పిలుస్తాం ఆవిడని. నేను ఇవ్వబోయేలోపు అత్తగారు ఆ కార్డు నా చేతిలోంచి తీసుకుని అందరికీ కనిపించేలా పైకెత్తారు.

"మా కోడలు సముద్రం వేసిందండీ. నాకైతే మొగల్తూరు దారిలో రొయ్యల చెరువు పాచి పట్టినట్టుంది."

అందరూ నవ్వారు. అమ్మగారు కూడా నవ్వారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"అయినా దీన్ననేం లాభం," అత్తగారు ఇంకా ఆపలేదు. " పిల్లకిచ్చే పాలూ పల్చనే, పూసే ఇంకూ పల్చనే. అందుకే పాప అలా ఉంది."

అప్పుడు పాపకి ఆరో నెల. ఉండాల్సిన బరువు లేదని డాక్టరు చెప్పిన వారం అది. పాప నా ఒళ్ళోనే ఉంది. నవ్విన వాళ్ళందరూ నవ్వు ఆపి పాప వైపు చూశారు. వాళ్ళ నవ్వుకంటే ఆ చూపు ఎక్కువ గుచ్చుకుంది. నేను టీలు తెస్తానని లోపలికి వెళ్ళిపోయాను. ఆ కార్డు మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత రెండు నెలలకి మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళాం. ఆవిడకి కొత్త చీర, నెమలికంఠం రంగుదే. స్టూలు మీద కూర్చుని వేలు చూపించారు. యజమాని ఆ ముక్క తీసి కొంగు మీద పరిచాడు. చీర నీలం వైపు ఉంది, ముక్క ఆకుపచ్చ. నేను గుమ్మానికి అవతల ఉండి చూసినా తెలిసేంత తేడా.

ఆయన ముక్కనీ కొంగునీ మార్చి మార్చి చూశాడు. "ఒకసారి వెలుతుర్లో చూస్తారాండి?"

"నేనెప్పుడైనా చూశానా?"

"లేదండి, లేదండి. బాగుంటుందండి." ఆయన నా వైపు చూశాడు. నేను పాప టోపీ సరిచేస్తూ తల దించుకున్నాను. కత్తెర పడింది.

ఆ జాకెట్టు వేసుకుని మూడు ఆదివారాలు చర్చికి వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం వెనక బల్ల మీద కూర్చుని ఆ జాకెట్టు చెయ్యినే చూస్తూ ఉండేదాన్ని. పాటలు ఏం పాడారో కూడా గుర్తు లేదు.

అనుమానం తీర్చుకోవడానికి ఒకరోజు పొడి గీతలున్న రెండు కార్డులు ఆవిడ ముందు పెట్టాను. ఒకటి టర్కోయిస్, ఒకటి టీల్.

"అత్తయ్యగారూ, ఈ రెండిట్లో ఏది బాగుందండీ?"

కళ్ళజోడు సర్దుకుని చూశారు. "రెండూ ఒకటేగా. ఒకటే ఇంకు రెండుసార్లు పూసి ఏది బాగుందంటావేంటి?"

మర్నాడు తెల్ల కార్డూ మీగడ రంగు కార్డూ కలిపి ఇచ్చాను. రెండూ తెలుపే అన్నారు. ఆ తర్వాత టీల్, సీ గ్రీన్ పెట్టాను. అవీ ఒకటేనన్నారు. వరండాలో కూర్చుంటే ఎండ పొడుస్తోందని లోపలికి వచ్చేయడం, నల్ల దారమనుకుని నీలం దారం సూదిలోకి ఎక్కించడం, అన్నీ ఒక్కొక్కటిగా కలిసొచ్చాయి. శుక్లాలు ముదురుతుంటే కంటి ముందు లేత పసుపు అద్దం పెట్టినట్టే ఉంటుందనీ, అది మెల్లిగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదనీ చదివాను. ఎంత నీలం చూసినా ఆ పసుపు కలిసి పచ్చవైపు జరిగిపోతుంది. ఆవిడ కంట్లో ఇప్పుడు టర్కోయిస్ అనే రంగే లేదు.

ఆ మాట మా ఆయనకి చెప్పొచ్చు. ఆవిడకే చెప్పొచ్చు, "ఒకసారి కళ్ళు చూపించుకోండి" అని. చెప్పలేదు. పైగా ఆ పరీక్షలు ఇంకో వారం చేశాను. చేసిన ప్రతిసారీ వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

పాప బాప్తిస్మం నేనే రెండుసార్లు వాయిదా వేయించాను, నీళ్ళు చల్లితే జలుబు చేస్తుందని. చివరికి పదో నెలలో ముహూర్తం కుదిరిందని అత్తగారు హాస్యమాడారు. ఆ ఆదివారం మా పాపతో కలిపి తొమ్మిది మంది పిల్లలు. తొమ్మిది కార్డులు.

ఆవిడ పని చేసే పద్ధతి ఒకటుంది. ముందు పెన్సిల్‌తో అన్ని పేర్లూ రాసుకుంటారు. తర్వాత ఇంకుతో అన్ని కార్డుల మీదా అక్షరాల ఒళ్ళు మాత్రం దిద్దుతారు. అవి పూర్తిగా ఆరాక, మర్నాడు తలకట్లు, గుడులు, కొమ్ములు పెడతారు. ఒకేసారి రాస్తే గీతలు కలిసే చోట ఇంకు నిలిచి పాకుతుందని. మొదటి రోజు శుక్రవారం, పాత ఇంకు అయిపోవడంతో నా సెట్టులోని టర్కోయిస్‌తో తొమ్మిది కార్డులూ దిద్దారు. చూడ్డానికి కళ్ళు చాలవు. అంత చక్కటి రాత. తలకట్టు లేని అక్షరాలు తొమ్మిది వరసల్లో పడుకుని ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం ఎండ గుచ్చుతోందని భోజనాల బల్ల మీద ట్యూబ్‌లైటు కింద కూర్చున్నారు. బల్ల మీద రెండు సీసాలు ఉన్నాయి. ఈసారి ద్రాక్షతీగ పచ్చగా వేస్తారని టీల్ నేనే తెచ్చి పెట్టాను, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టిందీ నేనే. అందులో దురుద్దేశం ఉందో లేదో ఇప్పుడు నాకే తెలియదు. తర్వాత జరిగిందానిలో మాత్రం ఉంది.

ఆవిడ ఒక సీసా మూత తీసి, పాళీ ముంచి, ఆగారు. లేబుల్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. దూరంగా పెట్టి చూశారు. నేనా ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో మొదటిసారి, తనకి తెలియక నన్నొక మాట అడిగారు.

"అమ్మాయ్, ఇది నిన్నటి సీసాయేనా?"

పాపకి అన్నం మెత్తగా పిసుకుతున్నాను. సీసా మీది పేరు చూశాను. ఆవిడ చేతిలో ఉన్నది టీల్.

"అవునండి. అదే" అన్నాను.

ఆవిడ తలకట్లు పెట్టడం మొదలుపెట్టారు. తడిగా ఉన్నంతసేపు కలిసిపోయినట్టే ఉంది. గంట తర్వాత వెళ్ళి చూశాను. తొమ్మిది పేర్లూ నీలంగా ఉన్నాయి, వాటి తలల మీద తలకట్లన్నీ పచ్చగా మొలిచాయి. అప్పుడైనా చెప్తే కార్డులు కొత్తవి రాయడానికి సాయంత్రమూ రాత్రీ ఉన్నాయి. నేను వాటిని పేర్చి, కవర్లో పెట్టి, బీరువాలో దాచాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద, ఎండలో, కార్డులు పంచారు. సమాజం సెక్రెటరీ గారు ఒకప్పుడు అదే స్కూల్లో హెడ్మిస్ట్రెస్. అత్తగారంటే ఆవిడకి మొదటినుంచీ పడదు. మొదటి కార్డు కవరులోంచి తీసి, కళ్ళజోడు పైకెత్తి చూసి, గట్టిగా అన్నారు.

"ఏంటండీ టీచరుగారూ, అక్షరాలకి పచ్చ టోపీలు పెట్టారు?"

"ఏదీ, ఏదీ" అంటూ నలుగురు చేరారు.

"తొమ్మిదింటికీ పెట్టారండోయ్. టోకున కొన్నట్టున్నారు."

"కొత్త ఫ్యాషనేమోలెండి. జాకెట్టుకి కూడా అదే ఫ్యాషన్ కదా ఈ మధ్య."

అప్పుడు తెలిసింది, జాకెట్టు అందరూ చూశారని. ఇన్ని వారాలుగా దాచుకున్న నవ్వంతా అక్కడ ఒక్కసారిగా బయటికొచ్చింది. కూలికెళ్ళే ఒకామె, మనవణ్ణి చంకనెత్తుకుని, నవ్వకుండా అడిగింది, "టీచరుగారూ, మావాడిది మాత్రం మార్చి ఇవ్వండమ్మా. ఫ్రేము కట్టించుకుందామనుకున్నాం."

అత్తగారు ఆమె చేతిలోంచి కార్డు తీసుకున్నారు. దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. ఎండకి కళ్ళు చికిలించారు.

"ఎక్కడండీ పచ్చ?" అన్నారు.

నవ్వు ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందరి పేర్లూ రాసిన మనిషి ఎండలో నిలబడి పచ్చ ఎక్కడుందని అడుగుతోంది. హెడ్మిస్ట్రెస్ గారు మెల్లిగా కార్డు వెనక్కి తీసుకుని, "పర్లేదులెండి, ఇకనుంచి మీ కోడలు రాస్తుందిలెండి" అన్నారు. అంతే. ఆ మాటతో పదవి చేతులు మారింది. నేను కోరుకున్నదే.

గేటు దగ్గర ఆటో దిగాక ఆవిడ నా వైపు తిరిగారు.

"నేనడిగాను కదా."

"అడిగారండి."

"అదేనన్నావు."

"నాక్కూడా ఒకేలా కనిపించాయండి అత్తయ్యగారూ. ట్యూబ్‌లైటు కింద అంతే ఉంటాయి."

ఆవిడ చాలాసేపు నా ముఖంలోకి చూశారు. ఆ కళ్ళకి నా ముఖం ఏ రంగులో కనిపించిందో. "అయితే నీ కళ్ళు కూడా చూపించుకోమ్మా" అన్నారు. ఎగతాళి లేదు అందులో. నిజంగానే అన్నారు. నమ్మారు.

భీమవరంలో కంటి ఆసుపత్రికి మా ఆయన తీసుకెళ్ళారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముందు కుడి కన్ను ఆపరేషన్ చేసి, నెల తర్వాత ఎడమది చేస్తామన్నారు. కట్టు విప్పిన మర్నాడు ఇంటికొచ్చారు. నల్లద్దాలు తీసి గోడలు చూశారు, "ఇల్లు ఇంత తెల్లగా ఉందేంటి, సున్నం వేయించారా?" అన్నారు. పాపని చూసి, ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు.

రెండో రోజు పాప కార్డు తెమ్మన్నారు. బీరువాలోంచి తెచ్చి ఇచ్చాను. ఒక అరచేత్తో కుడి కన్ను మూసుకుని చూశారు. తర్వాత ఎడమ కన్ను మూసుకుని చూశారు. మళ్ళీ మళ్ళీ మార్చి చూశారు, పిల్లలు ఆడుకున్నట్టు.

"ఈ కంటికి ఒకటే రంగు. ఈ కంటికి రెండు."

నేను పాప బట్టలు మడతపెడుతున్నాను.

ఆవిడ లేచి భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళి, ట్యూబ్‌లైటు వేసి, ఆ లైటు కింద కార్డు పెట్టి, ఎడమ కన్ను మూసుకుని చూశారు. చాలాసేపు చూశారు. ఇంకు ఆరి ఎన్నో రోజులైంది. ట్యూబ్‌లైటు కింద కూడా తలకట్లు పచ్చగానే ఉన్నాయి.

"నీ కళ్ళు రెండూ మంచివే కదమ్మా" అన్నారు. లైటు ఆపేసి వెళ్ళి పడుకున్నారు.

అరుస్తారనుకున్నాను. మా ఆయనకి చెప్తారనుకున్నాను. సమాజంలో చెప్తారేమోనని వారం రోజులు అన్నం సయించలేదు. ఎవరికీ చెప్పలేదు. కంట్లో వేసుకోవాల్సిన చుక్కల మందులు రెండున్నాయి. రోజుకి నాలుగుసార్లు, ఒకదాని తర్వాత ఐదు నిమిషాలు ఆగి రెండోది. రెండు సీసాలూ ఒకే సైజు, ఒకే తెలుపు. పొద్దునా రాత్రీ మా ఆయన వేస్తారు. మధ్యలో రెండుసార్లకి ఆవిడ ఆ సీసాలు పట్టుకుని, గోడ పట్టుకుని, పక్కింటికి వెళ్తారు. పక్కింటావిడకి కిరాణా కొట్టుంది.

"ఇదేం మందో చదివి చెప్పమ్మా. ముందు వేసేది ఏది?"

"కోడలు ఇంట్లో లేదాండి టీచరుగారూ?"

"ఉంది."

నేను వంటింటి కిటికీలోంచి వింటూ ఉంటాను. వీధిలో అందరికీ తెలుసు ఇప్పుడు. ఏం తెలుసో ఎవరూ చెప్పరు కానీ, నన్ను చూసి పలకరించే గొంతు మారింది. కొత్తగా బాప్తిస్మం ఇవ్వాల్సిన పిల్లల పేర్లు హెడ్మిస్ట్రెస్ గారు పంపిస్తే ఎండలో కూర్చుని రాసి ఇచ్చాను. రంగులు తప్పలేదు. అత్తగారు వాటి వైపు చూడలేదు.

నిన్న పక్కింటివాళ్ళు పెళ్ళికని పెనుగొండ వెళ్ళారు. ఆవిడ సీసాలతో వాళ్ళ గేటు దాకా వెళ్ళి, తాళం చూసి, వెనక్కి వచ్చారు. సీసాలు బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. మందు వేయాల్సిన టైము దాటింది. అరగంట దాటింది. డాక్టరు టైము తప్పొద్దని గట్టిగా చెప్పాడు.

"నేను వేస్తానత్తయ్యగారూ. ముందు వేసేది ఇదండి" అన్నాను, సీసా తీసి చూపిస్తూ.

"అక్కడ పెట్టెయ్."

"టైము దాటిపోయిందండి."

"నువ్వు అదేనంటే అదేనా అని మళ్ళీ ఎవర్ని అడగాలి నేను?"

పెట్టేశాను. ఆవిడ రెండు సీసాలూ చేతిలోకి తీసుకున్నారు. లేబుళ్ళు కుడి కంటికి దగ్గరగా పెట్టుకున్నారు, అంత చిన్న అక్షరాలు ఆ కంటికి ఇంకా ఆనడం లేదు. ఏదో ఒకటి ముందు అనుకున్నట్టు, ఒక సీసా మూత తీసి, తల వెనక్కి వాల్చి, చెయ్యి పైకెత్తారు. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది ముక్కు పక్కన పడింది. మూడోది కంట్లో పడిందో లేదో. పాపని ఎత్తుకుని నేను అక్కడే నిలబడ్డాను. ఆవిడ తీసుకున్నది రెండో మందు. ఆ మాట చెప్పాను కూడా.

"అది తర్వాత వేసేదండి."

ఆవిడ వినిపించనట్టు ఇంకో చుక్క వేసుకున్నారు.